చెయ్యెత్తలేని సరఫాన్

మా స్నేహితురాలి కూతురు హైదరాబాదులో ఫ్యాషన్ డిజైన్ చదువుతోంది. ఈ మధ్య వాళ్ల క్లాసుకు ఒక ప్రాజెక్టు ఇచ్చారు. రష్యన్ జానపద కథ ఏదైనా తీసుకుని, దాన్ని నాటకంగా వేస్తే పాత్రల బట్టలు ఎలా ఉండాలో స్కెచ్‌లు గీయాలి. పూర్తయ్యాక నాకు ఫోన్‌లో పంపి, "ఒకసారి చూసి చెప్పండి ఆంటీ" అంది. చూశాను. వాటర్‌కలర్ మీద ఆ పిల్లకు మంచి పట్టుంది. ఎరుపు మీద బంగారు పూలు, నెత్తిన నెలవంకలా లేచిన కొకోష్నిక్ అనే తలకట్టు, నేల దాకా జారే సరఫాన్ అనే చేతుల్లేని గౌను. ఫ్రేము కట్టించి గోడకు పెట్టుకోవచ్చు ఒక్కో బొమ్మని.

అయితే ప్రతి బొమ్మలోనూ మనిషి మనవైపే తిరిగి నిటారుగా నిలబడి ఉంది. చేతులు పక్కలకు వేలాడుతున్నాయి. వీపు ఎలా ఉంటుందో ఒక్క కాగితం మీదా లేదు. రాకుమారికీ, పల్లెపడుచుకూ, ముసలి మంత్రగత్తెకూ ఒకటే కత్తిరింపు. అంచు మీది పూలు మారాయంతే. ఫోన్ చేసి, "ఈ అమ్మాయి నాటకంలో ఎక్కడా చెయ్యెత్తదా?" అని అడిగాను. "అది స్కెచ్ కదా ఆంటీ, కుట్టేటప్పుడు టైలర్ చూసుకుంటాడు" అంది.

ఆ మాట ఆ పిల్ల సొంతంగా అన్నది కాదు, వాళ్లకు నేర్పుతున్నదే అది. రష్యన్ జానపదం అని ఇంటర్నెట్టులో వెతికితే వచ్చే బొమ్మలు నేర్పేదీ అదే. జానపదమంటే అల్లిక, అంచు, పూలు, తలకట్టు. వాటిని ఏ ఆకారం మీద అతికించినా జానపదం అయిపోతుందని. నేను దీన్ని ఒప్పుకోలేను. జానపద కథ నుంచి రంగస్థలానికి బట్టలు గీసేవాళ్లు ముందు పట్టుకోవలసింది ఆ బట్ట కత్తిరింపుని, బరువుని, కట్టుని. పూలు తర్వాత. కత్తిరింపు తెలిసి పూలు మార్చేసినా కథ నిలబడుతుంది. పూలు అచ్చుగుద్దినట్టు దించి కత్తిరింపు వదిలేస్తే వేదిక మీద కథ జరగదు.

ఇలా ఎందుకు పట్టుబడుతున్నానో చెప్పాలి. మాది తెనాలి. నాన్నగారు దర్జీ. నాటక సమాజాల వాళ్లు పత్రికలో బొమ్మ చించి తెచ్చి "రాజుగారికి ఇలా కుట్టాలి" అంటే, నాన్న కొలతల కన్నా ముందు అడిగే ప్రశ్న ఒకటుండేది: "ఈయన సింహాసనం మీద కూర్చుంటాడా, కత్తి దూస్తాడా?" కూర్చునే రాజుకు వెనక కుచ్చు ఒక రకం. కత్తి దూసే రాజుకు భుజం దగ్గర ఒదులు ఒక రకం. బొమ్మ ఒకటే అయినా బట్టలు రెండు. కాస్ట్యూమ్ స్కెచ్ అనేది చివరికి దర్జీకి రాసే ఉత్తరమని నాకు ఆ దుకాణంలోనే తెలిసింది.

పన్నా చెప్పినట్టు కత్తిరింపు

రష్యన్ పల్లెల్లో ఆడవాళ్ల బట్టలకు పునాది రుబాఖా, అంటే పొడుగు చొక్కా. ఇంట్లో వడికి ఇంట్లో నేసిన నారబట్టతో కుట్టుకునేవాళ్లు. ఇంటి మగ్గం మీద పన్నా సుమారు 40 సెంటీమీటర్లు మించేది కాదు. అవిసె నార తీసి, నానబెట్టి, దంచి, చలికాలమంతా వడికితే వచ్చే బట్ట. దాన్ని వంకర్లు తిప్పి కత్తిరించి ముక్కలు పారేసుకోవటానికి ఎవరికి మనసొస్తుంది? అందుకే ఒంటికీ, చేతులకూ అన్నీ తిన్నని నిలువు ముక్కలే. అయితే తిన్నని ముక్కలతో కుట్టిన చొక్కాలో చెయ్యి పైకి లేవదు. దానికోసం చంక కింద చదరపు ముక్క ఒకటి మూలగా వేసి కుట్టేవాళ్లు. చాలా చోట్ల ఆ ముక్క ఎర్రగా ఉండేది. ఆ చిన్న ముక్కతో కోత కొయ్యటానికీ, గడ్డి ఎత్తటానికీ, ఆడటానికీ చెయ్యి తేలిగ్గా లేచేది.

సరఫాన్ ఈ చొక్కా మీద వేసుకునేది. భుజాల నుంచి వేలాడుతుంది, నడుము దగ్గర బిగింపు ఉండదు. చేతులకూ దానికీ సంబంధం లేదు. చెయ్యెత్తితే చొక్కా చెయ్యి లేస్తుంది, సరఫాన్ ఉన్నచోటే ఉంటుంది. ఈ విడివిడితనమే దాని రహస్యం. 1948లో నదేజ్దినా మొదలుపెట్టిన బెర్యోజ్కా బృందం నాట్యం చూసినవాళ్లకు ఇది వేరే చెప్పక్కర్లేదు. నేలకు తాకే సరఫాన్‌ల కింద చిన్న చిన్న అడుగులు కనబడవు, మనుషులు నీటి మీద జారుతున్నట్టు కదిలిపోతారు. సరఫాన్ పొడుగు ఒక జానెడు తగ్గించి ఉంటే ఆ నాట్యమే ఉండేది కాదు.

ఆ మధ్య ఒక స్కూలు వార్షికోత్సవానికి వెళ్లాను. పిల్లలు రష్యన్ పాటకు నాట్యం చేశారు. అద్దెకు తెచ్చిన సాటిన్ డ్రెస్సులు. చొక్కా, సరఫాన్ రెండూ కలిపి ఒకే బట్టగా కుట్టి, వెనక జిప్పు పెట్టారు. అంచు నిండా పూల రిబ్బన్లు అతికించారు. పాటలో చేతులు పైకెత్తే చరణం వచ్చేసరికి డ్రెస్సు మొత్తం మోకాళ్ల పైకి లేచిపోయింది. చివరి వరుసలో ఒక పాప మిగతా పాటంతా ఒక చేత్తో డ్రెస్సు కిందికి లాక్కుంటూనే ఆడింది. చూస్తుంటే నాకు ప్రాణం ఉసూరుమంది. తల్లిదండ్రులు పిల్ల సరిగా ఆడలేదనుకుని ఉంటారు. ఆ పాప తప్పేం లేదు. పూలు చూసి కుట్టినవాళ్లు చంక సంగతి చూడలేదు.

ఎడమ చేతిలో చెరువు, కుడి చేతిలో హంసలు

బట్ట కత్తిరింపు కథలో భాగమని చెప్పటానికి నా దగ్గర ఉన్న అతి గట్టి సాక్ష్యం కథే. మాస్కోలో తెలుగులో అచ్చయి, విశాలాంధ్ర పుస్తకాల షాపుల్లో చవగ్గా దొరికిన పిల్లల పుస్తకాలు చదువుకుని పెరిగినవాళ్లకి కప్ప రాకుమారి కథ గుర్తుండే ఉంటుంది. రాజుగారు విందు ఇస్తాడు. కప్ప చర్మం వదిలి వచ్చిన వసిలీస తాగగా మిగిలింది ఎడమ చేతి చొక్కాలో పోసుకుంటుంది, హంస ఎముకలు కుడి చేతి చొక్కాలో దాచుకుంటుంది. తోడికోడళ్లు చూసి వాళ్లూ అలాగే చేస్తారు. తర్వాత నాట్యం. వసిలీస ఎడమ చెయ్యి విసిరితే చెరువు పుట్టింది, కుడి చెయ్యి విసిరితే తెల్లని హంసలు ఈదాయి. తోడికోడళ్లు విసిరితే విందుకొచ్చినవాళ్లు తడిసిపోయారు, ఎముక వెళ్లి రాజుగారి కంట్లో తగిలింది.

ఈ కథ జరగాలంటే చొక్కా చెయ్యి ఎలా ఉండాలి? వేళ్లు దాటి, చాలా పొడుగ్గా, సంచిలా వెడల్పుగా ఉండాలి. అలాంటి చేతుల చొక్కాలు నిజంగానే ఉండేవి. 12, 13 శతాబ్దాల నాటి వెండి కడియాల మీద పొడుగు చేతులు విసురుతూ ఆడే స్త్రీల బొమ్మలు చెక్కి ఉన్నాయి. మామూలు వేళల్లో చేతిని పైకి లాగి మణికట్టు దగ్గర కడియంతో బిగిస్తారు. ఆటకు దిగినప్పుడు కడియం తీసేస్తే చెయ్యి రెక్కలా జారుతుంది. ఒక బట్టలో ఇంత నాటకం దాగి ఉంటే, దాన్ని వదిలేసి మణికట్టు దగ్గర బిగుతు కఫ్ పెట్టి, కఫ్ మీద అందంగా కోడిపుంజు అల్లిక వేస్తే వసిలీస చెరువు ఎక్కడి నుంచి తీస్తుంది?

ఆ పిల్ల ఎంచుకున్నదీ ఈ కథే. ఆమె వసిలీసకు చేతులు మోచేతి దాకే ఉన్నాయి.

మామొంతోవ్ ఇంట్లో మంచు కన్య

ఈ పని కథలోంచి, ఊళ్లోంచి మొదలుపెట్టి చేసినవాళ్లలో చిత్రకారుడు వాస్నెత్సోవ్‌ది ముందు వరుస. అస్త్రోవ్‌స్కీ 1873లో రాసిన 'మంచు కన్య' నాటకాన్ని రైల్వే వ్యాపారి సవ్వా మామొంతోవ్ 1882 జనవరిలో మాస్కోలోని తన ఇంట్లో వేయించాడు. తెరలూ బట్టలూ గీసే పని వాస్నెత్సోవ్‌కు పడింది. మంచు తాత వేషం కూడా ఆయనే వేశాడు. మామొంతోవ్ ఆ కథలోని బెరెందేయ్ రాజ్యపు రాజయ్యాడు. సంగీతకారుడు రిమ్‌స్కీ-కోర్సకోవ్ ఇదే కథను ఆపెరాగా, అంటే పాటల నాటకంగా, కట్టాడు. దాన్ని మామొంతోవ్ 1885లో తన ప్రైవేటు ఆపెరాలో ప్రదర్శించినప్పుడు వాస్నెత్సోవ్ మళ్లీ స్కెచ్‌లు వేశాడు. అవి ఇప్పుడు మాస్కోలో త్రెత్యకోవ్ గ్యాలరీలో ఉన్నాయి.

వాటిని ఫొటోల్లోనే చూశాను. చూసిన ప్రతిసారీ నన్ను ఆపేది వాటి నిరాడంబరత్వం. తెల్లని ముతక నారబట్ట, మెడ దగ్గరా చేతుల చివరా కింది అంచునా ఎర్ర అల్లిక, కాళ్లకు చెట్టుబెరడు చెప్పులు. అల్లిక ఎక్కడ పడితే అక్కడ లేదు. బట్ట తెరుచుకునే చోట్లే ఉంది. పల్లెల్లో ఆ అల్లికను రక్షగా భావించేవాళ్లు, చెడు లోపలికి జొరబడే సందుల్లో కాపలాగా. వాస్నెత్సోవ్ వ్యాత్కా ప్రాంతపు పల్లె పూజారి కొడుకు, ఇవన్నీ చూస్తూ పెరిగినవాడు. పైగా మామొంతోవ్ కుటుంబం అబ్రాంత్సెవో ఎస్టేటులో ఊళ్ల నుంచి బట్టలూ చెక్కపనీ సేకరించి పెట్టుకుంది. తూలా ప్రాంతపు రైతుల అసలు బట్టలు ఈ ప్రదర్శనల్లో వాడారు. అప్పటి ప్రభుత్వ నాటకశాలల్లో తెరలు గీసేవాడు ఒకడు, బట్టలు చూసేవాడు ఇంకొకడు. కొట్లో ఉన్న పాత దుస్తులే తిప్పి తిప్పి వాడటం మామూలు. ఒక చిత్రకారుడు కూర్చుని ఊరి బిచ్చగాడి నుంచి రాజు దాకా ప్రతి మనిషి ఒంటి మీదికి ఏం రావాలో ఆలోచించటం అక్కడ కొత్త.

ఇక్కడ నాకు ఒక అనుమానం ఉంది, దాన్ని దాటవేయలేను. 1861లో రష్యాలో రైతుల బానిసత్వం రద్దయింది. ఇరవై ఏళ్లు తిరిగేసరికి ఒక కోటీశ్వరుడి హాల్లో, పట్నపు పెద్దమనుషులు ఆ రైతుల ఒంటి మీది బట్టలు వేసుకుని నాటకం ఆడుతున్నారు. దీన్ని గౌరవం అనాలా, సరదా అనాలా? కత్తిరింపు సరిగ్గా ఉన్నంత మాత్రాన బట్ట కుట్టుకున్న మనిషికి న్యాయం జరిగినట్టా? జరిగినట్టు కాదు. ఆ స్కెచ్‌ల పక్కన చిత్రకారుడి పేరు ఉంటుంది, చొక్కా నేసిన ఆడమనిషి పేరు ఉండదు. ఈ లోటు ఎంత మంచి స్కెచ్‌ అయినా పూడ్చలేదు. అయినా ఈ రెండిట్లో ఒకటి ఎంచుకోవలసి వస్తే, ఆమె కత్తిరింపును అర్థం చేసుకున్న చిత్రకారుడి వైపే నిలబడతాను. ఆమె తెలివి ఉన్నది అందులోనే కాబట్టి. పూలు మాత్రం ఎత్తుకుపోయినవాడు ఆ తెలివినీ వదిలేశాడు.

పూలు ఎత్తుకుపోవటం అంటే ఏమిటో చూడాలంటే 1903 ఫిబ్రవరిలో పీటర్స్‌బర్గ్ వింటర్ ప్యాలెస్‌లో జరిగిన వేషాల విందు ఫొటోలు చూడండి. రెండో నికొలాయ్ చక్రవర్తి, మహారాణి, ఆస్థానమంతా 17వ శతాబ్దపు వేషాల్లో ముత్యాలు, వజ్రాలు తొడుక్కుని నిలబడి ఉన్నారు. ఎవరి బట్టలోనూ ఎవరూ పని చెయ్యరు, చెయ్యలేరు. సరిగ్గా అదే కాలంలో, 1902 నుంచి 1904 దాకా, చిత్రకారుడు ఇవాన్ బిలీబిన్ వొలొగ్దా, అర్ఖాంగెల్స్క్, ఒలొనెత్స్ పల్లెలు తిరుగుతూ రష్యన్ మ్యూజియం కోసం బట్టలూ అల్లికలూ సేకరిస్తున్నాడు, చెక్క గుళ్ల ఫొటోలు తీస్తున్నాడు. 1909లో 'బంగారు కోడిపుంజు' ఆపెరాకు జిమిన్ ఆపెరా వాళ్లు బట్టలు గీయమన్నప్పుడు ఆయన చేతిలో ఆ తిరుగుడంతా ఉంది. ఒకే పదేళ్లలో ఒకే దేశంలో జానపదం రెండు దారులు పట్టింది. మన ఇంటర్నెట్టుకు చేరింది ఎక్కువగా మొదటి దారే.

కొకోష్నిక్ కథ కూడా అదే. ఉత్తరాది పల్లెల్లో పెళ్లికాని పిల్ల నడినెత్తి కప్పుకోదు. నుదుటి మీద పట్టీ, వెనక ఒంటి జడ కనబడుతూ ఉండాలి. పెళ్లయ్యాక జుట్టు మొత్తం దాచెయ్యాలి, అప్పుడు వస్తుంది తల పూర్తిగా మూసే కొకోష్నిక్. 1834లో మొదటి నికొలాయ్ ఆస్థాన స్త్రీల దుస్తులకు నియమాలు పెట్టినప్పుడు దాని షోకు రూపం ఒకటి దర్బారులోకి వచ్చింది. అక్కడి నుంచి బొమ్మల్లోకి, బొమ్మల్లోంచి నేటి డ్రెస్సుల్లోకి. ఇప్పుడు మంచు కన్యకు కూడా తల మూసే కొకోష్నిక్ పెడుతున్నారు. ప్రేమ అంటే ఏమిటో తెలియని, పెళ్లి దగ్గరికొచ్చేసరికి ఎండకు కరిగిపోయే పిల్ల ఆమె. ఆమె జడ కనబడటం, పెళ్లి ముంగిట ఆ జడ మీదికి ముసుగు రాబోవటం వేదిక మీద ఎంత పెద్ద విషయం! ఒక్క తలకట్టుతో దాన్ని మొదటి అంకంలోనే తుడిచేస్తున్నారు.

గొంచరోవాను ఏం చెయ్యాలి?

ఇంతవరకూ చదివినవాళ్లు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. బెరెందేయ్ రాజ్యం లోకంలో ఎక్కడా లేదు. అగ్నిపక్షి ఏ ఊళ్లోనూ బట్టలు కుట్టించుకోలేదు. లేని లోకానికి ఉన్న బట్ట నియమాలు ఎందుకు?

ఈ ప్రశ్నకు అండగా నిలిచేవాళ్లు సామాన్యులు కారు. 1910లో పారిస్‌లో దియాగిలెవ్ నడిపిన రష్యన్ బ్యాలే బృందం 'అగ్నిపక్షి' వేసినప్పుడు బట్టలు చాలావరకు చిత్రకారుడు గొలొవిన్ గీశాడు. పక్షి వేషం మాత్రం ఇంకో చిత్రకారుడు బాక్స్త్ గీశాడు. నర్తకి కర్సావినా తొడుక్కున్న ఆ వేషంలో రష్యన్ పల్లె వెతికినా కనబడదు. పల్చని పంట్లాం, ఈకలు, పొడుగు జడలతో తూర్పు దేశపు ఊహ అది. అది తప్పని నేను అనలేను. పక్షి ఈ లోకానిది కాదని మిగతా పాత్రల పక్కన నిలబడగానే తెలియాలి. అందరూ సరఫాన్‌లో ఉంటేనే పక్షి పంట్లాం పరాయిదవుతుంది. బాక్స్త్ స్వేచ్ఛకు గొలొవిన్ బట్టలు నేలగా ఉన్నాయి.

చిత్రకారిణి నతాల్యా గొంచరోవా విషయం ఇంకా క్లిష్టం. 1914లో దియాగిలెవ్ కోసం 'బంగారు కోడిపుంజు'కు ఆమె గీసిన బట్టల్లో పూలు మనిషి తలంత ఉంటాయి. పసుపూ ఎరుపూ కళ్లలోకి దూకుతాయి. బిలీబిన్ శ్రద్ధ ముందు ఇది అల్లరిలా కనబడొచ్చు. నా వాదాన్ని నిజంగా ఇరుకున పెట్టేది ఈమే, ఎందుకంటే ఈ స్కెచ్‌లంటే నాకు ప్రాణం. చాలా రోజులు ఈ రెంటినీ కలుపుకోలేకపోయాను. నెమ్మదిగా తోచిందేమిటంటే, గొంచరోవా పుట్టి పెరిగింది తూలా పల్లెల్లో. ఆ బట్టల ఒదులు, భుజం నుంచి జారే పద్ధతి ఆమె చేతికి అలవాటు. పెంచింది పువ్వుని. బట్ట ఆకారం మాత్రం నిలువుగా, తేలిగ్గా, పల్లెలో ఉన్నట్టే ఉంచింది. పైగా ఆ ప్రదర్శనలో పాడేవాళ్లు పక్కన వరుసగా కూర్చుని పాడితే, వేదిక మధ్యలో కదిలింది నర్తకులే. కదలటానికి ఆ ఒదులు కావాలి. కాబట్టి గొంచరోవా నా వాదానికి ఎదురు కాదని ఇప్పుడు అనుకుంటున్నాను. కత్తిరింపు చేతిలో ఉన్నవాళ్లు రంగుతో ఎంత దూరమైనా పోగలరని చూపింది ఆమే.

కత్తిరింపునే పగలగొట్టిన మనిషి ఆమె సహచరుడు లారియొనోవ్. ప్రొకోఫియెవ్ సంగీతంతో 1921లో వేసిన 'విదూషకుడు' బ్యాలేకి ఆయన గీసిన స్కెచ్‌లు కాగితం మీద అద్భుతం. మనుషులు కోణాలుగా, చెక్కముక్కల్లా విరిగి ఉంటారు. వాటిని అలాగే కుట్టాలంటే లోపల గట్టి బక్రం, బెత్తం చువ్వలు పెట్టాల్సి వచ్చింది. ఆ బరువులో, ఆ బిర్రులో కదలటం నర్తకులకు నరకమైంది. మ్యూజియంలో ఆ బట్టలు చూస్తే శిల్పాల్లా ఉంటాయి. నాట్యానికి మాత్రం అవి అడ్డం పడ్డాయి. ఇందులో లారియొనోవ్ ప్రతిభను నేను తక్కువ చెయ్యటం లేదు. మంచి చిత్రం మంచి స్కెచ్ కాకపోవచ్చని చూపటానికి ఇంతకన్నా స్పష్టమైన ఉదాహరణ నాకు దొరకలేదు.

చిత్రకారుడు కుస్తోదియెవ్ సంగతి వేరు. 1925లో మాస్కోలో వేసిన 'గోమారి' (రష్యన్‌లో 'బ్లొఖా') నాటకానికి ఆయన మూలం తిరునాళ్ల బొమ్మలూ, సంతలో అమ్మే రంగుల అచ్చుబొమ్మలూ. మనుషులే ఆటబొమ్మల్లా కదలాలని దర్శకుడి కోరిక కాబట్టి అక్కడ బిర్రు సరిపోయింది.

రోరిక్ ఉన్ని చొక్కాలు

బెంగళూరు చిత్రకళా పరిషత్తులో రోరిక్‌ల గ్యాలరీ ఉంది. అక్కడికి వెళ్లిన మనవాళ్లకు నికొలాయ్ రోరిక్ అంటే హిమాలయాలు గీసిన ఋషిలాంటి మనిషి. 1928 నుంచి కులూ లోయలో నగ్గర్‌లో ఉండి 1947లో అక్కడే కన్నుమూశాడు. ఆయన చిన్నకొడుకు స్వెతొస్లావ్‌ను 1945లో పెళ్లాడిన దేవికారాణి పుట్టింది మన వాల్తేరులో. ఇంత దగ్గరి మనిషి అయినా, కొండలకు ముందు ఆయన జీవితంలో సగం నాటకశాల అని మనలో చాలామందికి తెలియదు.

1911లో స్మోలెన్స్క్ దగ్గర తలాష్కినోలో, ప్రిన్సెస్ తెనిషేవా ఎస్టేటులో రోరిక్, సంగీతకారుడు స్త్రావిన్‌స్కీ కూర్చుని 'వసంతోత్సవ' బ్యాలే కథ అల్లారు. తెనిషేవా సేకరించిన పల్లె బట్టలు అక్కడే కళ్ల ముందున్నాయి. 1913 మే 29న పారిస్‌లో మొదటి ప్రదర్శనలో ప్రేక్షకులు చేసిన గొడవ అందరికీ తెలిసిందే. సంగీతం గురించి, నాట్యం కూర్చిన నిజిన్‌స్కీ అడుగుల గురించి పుస్తకాలకు పుస్తకాలు ఉన్నాయి. నేను మాట్లాడేది బట్టల గురించి. రోరిక్ ఉన్ని ఫ్లానెల్ వాడాడు. నిలువు చొక్కాలు, వాటి మీద వలయాలూ గీతలూ అచ్చులుగా వేసిన రంగులు. మే నెలాఖరులో, దీపాల వేడిలో, ఉన్నిలో ఎగిరి గంతులెయ్యటం. నర్తకులు ఉడికిపోయారు.

అలాంటప్పుడు లారియొనోవ్‌ను తప్పుపట్టి రోరిక్‌ను మెచ్చుకోవటం న్యాయమేనా? నాలో నేను చాలాసార్లు వాదించుకున్నాను. 1987లో అమెరికాలోని జోఫ్రీ బ్యాలే వాళ్లు ఆ ప్రదర్శనను మళ్లీ నిర్మించిన వీడియో చూశాక నాకు ఒక జవాబు దొరికింది. ఆ బట్ట బరువైనదే కానీ బిర్రుగా లేదు. మోకాళ్లు వంచి, పాదాలు లోపలికి తిప్పి, నేలను తొక్కుతూ గుంపు ఎగిరి దిగుతుంది. దిగాక ఒక క్షణం ఆలస్యంగా చొక్కా అంచు దిగుతుంది. ఆ ఆలస్యంలో బరువు కనబడుతుంది. భూమిని పూజించే మనుషులు భూమి వైపే లాగబడుతున్నట్టు ఉంటుంది. పల్చని సిల్కుతో ఇది రాదు. నర్తకుడికి కష్టం రెండు చోట్లా ఉంది. ఒకచోట ఆ కష్టం నాట్యంలోకి వెళ్లింది, ఇంకోచోట నాట్యానికి బయటే ఉండిపోయింది. పూర్తి తృప్తి మాత్రం లేదు. నిజిన్‌స్కీ అడుగులు ఆ బట్టని చూసి పుట్టాయా, బట్ట ఆ అడుగులకు కలిసొచ్చిందా అన్నది తేల్చటం కష్టం. 1920లో మస్సీన్ కొత్త అడుగులు కూర్చినప్పుడు కూడా అవే రోరిక్ బట్టలు వాడారు. అంటే ఒక నాట్యానికే అతుక్కుపోయిన బట్టలు కావవి.

రోరిక్ 'మంచు కన్య'కూ బట్టలు గీశాడు, పదేపదే. 1921లో షికాగో ఆపెరా కోసం గీసినప్పుడు ఆయన ఆలోచన నాకు చాలా ఇష్టం. రాజు ఆస్థానంలో పాత బైజాంటియం సామ్రాజ్యం, వ్యాపారి మిజ్‌గీర్‌లో తూర్పు, మంచు తాతలో ఉత్తరం చూశాడు. పిల్లనగ్రోవి ఊదే పశులకాపరి లేల్‌లో మన కృష్ణుణ్ణి చూశాడు. అలా చూసి కూడా లేల్‌కు నెమలిపింఛం పెట్టలేదు, పట్టుపంచె కట్టలేదు. చుట్టరికం పాటలో ఉంది, ఆడపిల్లల మనసు దోచటంలో ఉంది, దాన్ని బట్టలోకి లాక్కురానక్కర్లేదని తెలిసిన చెయ్యి అది. పైగా ఆపెరాలో లేల్ పాత్ర పాడేది స్త్రీ. అదో అదనపు లెక్క, దాని గురించి మరోసారి రాస్తాను.

ఈ స్కెచ్‌లను మనం చూసే పద్ధతి కూడా మారాలి. గ్యాలరీల్లో, పుస్తకాల్లో, తెర మీద ఇవి చిత్రాలుగానే వస్తున్నాయి. మంచి ముద్రణ, చుట్టూ తెల్లని ఖాళీ. అంచుల్లో చిత్రకారుడు గీకిన మాటలు, బట్ట పేరు, నటి పేరు, గుండుసూదితో గుచ్చిన గుడ్డముక్క, ఇవన్నీ చాలాసార్లు ఫొటోలో కత్తిరించేస్తారు. వెనకవైపు చూపరు. దర్జీకి రాసిన ఉత్తరంలో సంతకం మాత్రం ఉంచి విషయం చింపేసినట్టు. వీటిని చూసి నేర్చుకునే పిల్లలు సంతకాన్నే అనుకరిస్తున్నారు.

ఫ్యాషన్ కాలేజీల్లో పాఠం చెప్పేవాళ్లను అడుగుతున్నాను. రష్యన్ జానపదం మీద ప్రాజెక్టు ఇవ్వండి, తప్పకుండా ఇవ్వండి. బొమ్మతో పాటు వీపు కూడా గీయమనండి. ముక్కలు ఎలా కత్తిరిస్తారో ఒక కాగితం మీద పెట్టమనండి. ఆ పాత్ర కథలో చేసే ఒక్క పని, చెయ్యి విసరటమో, మంట మీంచి దూకటమో, ఆ బట్టలో ఎలా సాధ్యమో నాలుగు మాటల్లో రాయమనండి. సెమిస్టరులో దీనికి టైము చాలదంటారని తెలుసు. పది స్కెచ్‌ల బదులు మూడు అడిగితే చాలుతుంది. మాస్టారు మార్కులు వేసేటప్పుడు బొమ్మ కన్నా ముందు ఆ కత్తిరింపు కాగితం తీసి చూస్తే, పిల్లలు కూడా అక్కడి నుంచే గీయటం మొదలుపెడతారు.